జేబులో చాకు: పాఠకుల ప్రశ్నలు, పాత ఫిట్టరు జవాబులు

గత నెల ఈ పేజీలో సానరాళ్ల గురించి రాస్తూ, నా జేబులో ఉండే మడత చాకును ఒక్క వాక్యంలో తలచుకుని వదిలేశాను. ఆ వాక్యానికి సంచెడు ఉత్తరాలు వచ్చాయి. సానరాళ్ల గురించి వచ్చినవి రెండే, అందులో ఒకటి మా వియ్యంకుడిది. సరే, ఈ నెల పేజీ మొత్తం చాకులకే ఇచ్చేస్తున్నాను. ఒక్క మాట ముందే చెబుతాను: నేను కాజీపేట లోకో షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లు ఫిట్టరుగా చేసి దిగినవాణ్ణి. కత్తులు అమ్మేవాణ్ణి కాను, అమ్మేవాళ్లెవరూ నాకు టీ కూడా తాగించలేదు.

*సార్, నాది పత్తి, మిర్చి సేద్యం. బస్తాల సుతిలి కోయడానికి, డ్రిప్పు పైపు తెంపడానికి, చేను గట్టున ఏదైనా కాయ కోసుకుని తినడానికి ఒక చాకు కావాలి. హన్మకొండలో ఒక కొట్టులో నూట యాభైకి చైనాది చూపించారు. అదే అద్దాల పెట్టెలో రెండు వేలకు ఫ్రాన్సుది ఉంది. అంత తేడా నిజంగా ఉంటుందా?*
*పరకాల దగ్గరి ఒక రైతు*

పదమూడు రెట్ల తేడా ఉంటుందని నేను చెప్పను గానీ, తేడా ఉంటుంది. దాన్ని దేశాల లెక్కన మాత్రం చూడకండి. చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో యాంగ్‌జియాంగ్ అనే ఊరుంది. మనకు ఇత్తడి అంటే పెంబర్తి ఎలాగో, వాళ్లకు కత్తులంటే ఆ ఊరు. నూట యాభై రూపాయల చాకులూ అక్కడ తయారవుతాయి, అమెరికావాళ్లు ఐదారు వేలు పోసి కొనుక్కునేవీ అక్కడే తయారవుతాయి. స్పైడర్కో అని ఒక అమెరికా కంపెనీ ఉంది. దాని చాకులు కొన్ని కొలరాడోలో, కొన్ని జపాన్‌లోని సెకీలో, కొన్ని తైవాన్‌లో, కొన్ని ఇటలీలో, కొన్ని చైనాలో చేయిస్తారు. ఏది ఎక్కడ చేసిందో ఆ చాకు మీదే చెక్కుతారు. దాచుకోవలసిన సంగతిగా వాళ్లు అనుకోరు.

మీరు చూసిన ఫ్రాన్సు చాకు, చెక్క పిడి మీద చేయి, కిరీటం బొమ్మ ఉంటే, ఓపినెల్ అయి ఉంటుంది. అందులో స్టెయిన్‌లెస్ రకం కొంటే బ్లేడు ఉక్కు స్వీడన్‌ది. ఇప్పుడు అది ఏ దేశపు చాకు?

మరి నూట యాభైలో తగ్గించేది ఏమిటంటే, కంటికి కనపడని పని. ఉక్కును ఎర్రగా కాల్చి చప్పున చల్లార్చాలి. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ తక్కువ వేడిలో కాచి ఆ పెళుసుదనం తీయాలి. బట్టీ, సమయం, కొలిచి చూసే మనిషి, మూడూ ఖర్చే. మంచి మడత చాకుల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో చాలావరకు 55 నుంచి 60 మధ్య ఉంటుంది. ఉక్కు పేరు ఒకటే అయినా ఈ కాల్పులో శ్రద్ధ పెట్టిన చాకు ఒక తీరుగా, పెట్టనిది ఒక తీరుగా ఉంటుంది. శ్రద్ధ పెట్టని చాకు కొన్న రోజు బాగానే తెగుతుంది. నాలుగు రోజులు సుతిలి కోసేసరికి అంచు ఒక పక్కకు వాలిపోతుంది. సుతిలి మెత్తగా కనిపిస్తుంది గానీ, ఆ నారలో చేను మట్టి ఇరుక్కుని ఉంటుంది. అంచును అరగదీయడంలో దాన్ని మించింది లేదు.

కొట్టులో నిలబడి గట్టిదనం కొలవలేం. కీలును మాత్రం చూడగలం, అది కాల్పుకు తోబుట్టువు. ఒకదాంట్లో బద్ధకించినవాడు రెండోదాంట్లోనూ బద్ధకిస్తాడు. చాకు మూసి ఉండగా వెలుతురుకేసి పెట్టి పిడి సందులోకి చూడండి. బ్లేడు నడిమధ్యన నిలబడి ఉండాలి, ఒక గోడకు ఆనుకుని ఉంటే కిందపెట్టేయండి. తరవాత మెల్లగా తెరవండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువు ఉండాలి. పూర్తిగా తెరిచి, బ్లేడును వీపు దగ్గర, అంటే పదును లేని మొద్దు వైపు, రెండు వేళ్లతో పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపండి. మీ వేళ్లకు టక్కు టక్కుమని తగిలిందంటే ఆ రివిటు ఆరు నెలల్లో వదులవుతుంది. ఆఖరున, తెరిచాక మడుచుకోకుండా తాళం పడే రకమైతే, బ్లేడు దారిలో వేళ్లు లేకుండా చూసుకుని, వీపును బల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కండి. తాళం జారితే ఎంత చవకైనా వద్దు. కొట్టు యజమాని చిరాకు పడతాడు, పడనివ్వండి.

ఓపినెల్‌కు ఈ కీలు దగ్గర ఒక ఉక్కు ఉంగరం ఉంటుంది, 1955లో పెట్టారు. తెరిచాక దాన్ని తిప్పితే బ్లేడు మడుచుకోదు. జోసెఫ్ ఓపినెల్ అనే ఆయన 1890లో ఆల్ప్స్ కొండల్లోని సవోయ్ ప్రాంతంలో పల్లెటూరి పనులకోసమే మొదలుపెట్టిన చాకు ఇది. మీకు ఎనిమిదో నంబరు సరిపోతుంది, బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. లోపం కూడా చెప్పాలి: పిడి బీచ్ చెక్క, వానాకాలం మన దగ్గర తేమకు ఉబ్బి బ్లేడును కరచుకుంటుంది. గోరు విరిగేలా లాగినా రాదు. సవోయ్ రైతులు దీనికో చిట్కా కనిపెట్టారు. ఉంగరం వదులుగా తిప్పి, పిడి తోక భాగాన్ని బల్ల మీద ఠకీమని కొడతారు, బ్లేడు ముక్కు తనంతట తానే బయటికి వస్తుంది. మా ఇంట్లో శ్రావణమంతా ఈ ఠకఠక వినిపిస్తూనే ఉంటుంది.

ఇంతా చెప్పాక, ఉత్తరంలో ఎవరూ రాయని ప్రశ్న ఒకటి నేను అడగాలి. మీరు చాకులు పోగొట్టుకునే మనిషేనా? పత్తి చేనులో పడిపోయిన చాకు మళ్లీ దుక్కికే దొరుకుతుంది. ఏడాదికి రెండు పోగొట్టుకునే అలవాటుంటే, పైన చెప్పిన పరీక్షలకు నిలిచే మూడు నాలుగు వందల చాకు కొని, పిడికి ఎర్ర గుడ్డ పీలిక కట్టుకోండి. రెండు వేలది ఇంట్లో మామిడికాయలకు ఉంటుంది.

*ఆన్‌లైన్‌లో 399 రూపాయలకు పదకొండు పనిముట్లున్న స్విస్ చాకు కొన్నాను. కొబ్బరి చిప్పలోంచి ముక్క పెకలిస్తుంటే బ్లేడు మడుచుకుని చూపుడు వేలు తెగింది, మూడు కుట్లు పడ్డాయి. ఇది నకిలీదేనా? అసలుదైతే ఇలా అయ్యేది కాదు కదా?*
*హన్మకొండ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి*

బాబూ, నకిలీదే. కానీ అసలుదైనా నీ వేలు తెగేది.

స్విస్ ఆర్మీ చాకులు చేసేది విక్టోరినాక్స్, ష్విజ్ ప్రాంతంలోని ఈబాఖ్ అనే ఊళ్లో. వెంగర్ అని ఇంకో సంస్థ ఉండేది, దాన్ని 2005లో వీళ్లే కొనేశారు. అసలుదాని పెద్ద బ్లేడు మొదట్లో సంస్థ పేరు, స్విస్ మేడ్ అన్న మాటలు చిన్న అక్షరాల్లో చెక్కి ఉంటాయి. ఎర్ర పిడి మీద తెల్ల శిలువ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ రంగు వేయడం ఎవరికైనా వచ్చు. 399కి పదకొండు పనిముట్లు అన్నప్పుడే నీకు అనుమానం రావలసింది. ఒక్కో పనిముట్టుకు ముప్పై ఆరు రూపాయలు పడింది. ఆ డబ్బుకు ఈ రోజుల్లో మంచి స్క్రూడ్రైవరు ఒకటి కూడా రాదు.

అయితే జేబులో పట్టే మామూలు స్విస్ చాకుల్లో బ్లేడుకు తాళం ఉండదు. వెనక స్ప్రింగు బిగువే దాన్ని నిలబెడుతుంది. తాళం ఉన్న పెద్ద రకాలు వేరు. తాళం లేని చాకుతో కోయడం మాత్రమే చేయాలి, పొడవడం, పెకలించడం చేయకూడదు. ఒత్తిడి ఎప్పుడూ అంచు వైపే పడాలి, వీపు మీద పడిందా, మడుచుకుంటుంది. కొబ్బరికి పొయ్యి దగ్గర ఉండే మొండి కత్తే మేలు, లేదా మీ అమ్మగారిని అడుగు.

స్విస్ పేరు మీద మోజు ఉన్నవాళ్లకోసం ఒక సంగతి. స్విట్జర్లాండ్ సైన్యం తొలి సిపాయి చాకుకు నమూనా ఖాయం చేసినప్పుడు, అన్ని వేల చాకులు చేసిపెట్టగల కార్ఖానా ఆ దేశంలో లేదు. మొదటి విడత జర్మనీలోని సోలింగెన్ నుంచి తెప్పించారు. విక్టోరినాక్స్‌ను మొదలుపెట్టిన కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన తోటి పనివాళ్లను కూడగట్టి 1891లో సొంతంగా సరఫరా మొదలుపెట్టాడు. అంటే తొలి స్విస్ ఆర్మీ చాకు జర్మనీలో తయారైంది.

ఇక నీ కేసు. మన దేశంలో పొట్లం కట్టి అమ్మే దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో, దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా, గరిష్ఠ ధర రాసి తీరాలి. ఆన్‌లైన్ పేజీలోనూ ఆ దేశం పేరు చూపించాలి. నీ డబ్బా మీద ఇవేవీ లేవని నాకు ఉత్తరం చదవగానే అర్థమైంది. మూడు కుట్లకు నువ్వు కట్టిన ఫీజు కలిపితే అసలుదాని ధరకు ఎంత తక్కువ పడిందో లెక్క వేసుకో.

*మా తాతగారి మడత చాకు మీద సోలింగెన్ అని ఉంది. నల్లబడింది కానీ ఇప్పటికీ తెగుతుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో జర్మన్ స్టీలు అని ఆరు వందలకు అమ్ముతున్నారు. రెండూ ఒకటేనా?*
*కరీంనగర్ నుంచి ఒక టీచరు*

కావు, టీచరమ్మగారూ. సోలింగెన్ ఊరి పేరు. ఆ పేరు కత్తి మీద వేయాలంటే ముఖ్యమైన పని ఆ ప్రాంతంలోనే జరగాలని జర్మనీలో 1938 నుంచి చట్టం ఉంది. జర్మన్ స్టీలు అన్న మాటకు అలాంటి కాపలా లేదు. ఉక్కు జర్మనీలో పోసిందని చెప్పుకోవచ్చు, లేదా జర్మనీవాళ్ల సూత్రం ప్రకారం ఎక్కడో పోసిందని చెప్పుకోవచ్చు. కోసి, కాల్చి, సాన పట్టింది ఎవరో ఆ మాట చెప్పదు.

మీరు టీచరు కాబట్టి ఇది పిల్లలకు చెప్పడానికి పనికొస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కత్తులకు పేరు ఇంగ్లండులోని షెఫీల్డుది. సోలింగెన్‌వాళ్లు చవకగా చేసి వాటి మీద షెఫీల్డు ముద్ర వేసి అమ్మారు, ఇవాళ ఎర్ర పిడి మీద తెల్ల శిలువ వేసి అమ్ముతున్నట్టే. ఇంగ్లీషువాళ్లకు ఒళ్లు మండి 1887లో ఒక చట్టం తెచ్చారు. బయటి సరుకు మీద ఆ దేశం పేరు ఉండాలన్నారు. మేడ్ ఇన్ జర్మనీ అన్న ముద్ర అలా పుట్టింది, జనం జాగ్రత్తపడి కొనకుండా ఉండటానికి. ఒక తరం తిరిగేసరికి ఆ ముద్ర చూసే జనం కొన్నారు.

మీ తాతగారిది కార్బన్ ఉక్కు. క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటే తుప్పు పట్టని ఉక్కు అంటారు, పాత చాకుల్లో అది ఉండదు. మామిడికాయ, నిమ్మకాయ, ఉల్లిగడ్డ కోస్తే నీలంగా, ఆపైన నల్లగా మారుతుంది. ఆ నలుపు మంచిదే, కొంతవరకు తుప్పును ఆపుతుంది. దయచేసి పీచుతో తోమకండి. ఎర్రగా పొడి రాలుతుంటే మాత్రం అది తుప్పు, తుడిచి చుక్క కొబ్బరినూనె రాయండి. ఆరు వందలదాని సంగతి వదిలేసి, తాతగారి చాకును సాన పట్టించుకోండి.

సాన మీరే పట్టవచ్చు కూడా. రాయి తడిపి, చాకు వీపు కింద మూడు రూపాయి బిళ్లలు పట్టేంత ఎత్తు ఉంచి, అంచు ముందుకు నడిచేలా తోయండి. ఒక పక్క చాలాసేపు రుద్దాక, రెండో పక్క బొటనవేలితో వీపు నుంచి అంచు దాటి బయటికి మెల్లగా రాస్తే గరుకుగా ఏదో తగులుతుంది. మా షెడ్డులో దాన్ని బర్ అంటాం. ఆ గరుకు అంచు పొడవునా తగిలే దాకా పక్క మార్చకండి. సాన పట్టినా తెగడం లేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది అక్కడికి చేరకముందే పక్క మార్చినవాళ్లే. ఆఖరున పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగండి.

*పశ్చిమాసియాలో ఒకప్పుడు పేరుమోసిన డమస్కస్ కత్తులకు ఉక్కు మన ప్రాంతం నుంచే పోయిందని చదివాను. ఇప్పుడు డమస్కస్ చాకులని అలలలాంటి గీతలతో వస్తున్నాయి, రెండున్నర వేల నుంచి ఉన్నాయి. కొంటే మన ఉక్కు మనం కొన్నట్టేనా?*
*నిర్మల్ నుంచి ఒక పాఠకుడు*

మీ ఉత్తరం చదివి ముచ్చటేసింది, జవాబు మాత్రం చేదుగా ఉంటుంది.

మీరు చదివింది నిజమే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవారు. మీ నిర్మల్ పక్కనున్న దిమ్మదుర్తి ఖనిజం దానికి పోయేది. హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు, రాళ్ల శాస్త్రం కూడా తెలిసినవాడు, 1820ల్లో వచ్చి చూసి రాసిన వివరం 1832లో కలకత్తాలో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చి కూర్చున్న వర్తకుణ్ణి ఆయన అక్కడ చూశాడు. ఇంగ్లీషువాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు. మన ఉక్కు అన్న మాటే వాళ్ల నోట్లో అలా తిరిగిందని పండితులు అంటారు, కన్నడంవాళ్లూ తమ మాటే అంటారు, అక్కడ గొడవ పెట్టుకోను. నేనొకసారి స్కూటరు మీద కోనసముద్రం పోయాను. చూడటానికి ఏముంటుందని మా ఆవిడ అడిగింది. నల్లగా గాజులా మెరిసే చిట్టెం ముక్క ఒకటి చేతిలో పట్టుకుని చూసి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చాను.

ఆ ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉండేది. మెల్లగా చల్లారుతూ, మెల్లగా సాగగొడుతూ ఉంటే లోపల ఇనుము, కర్బనం కలిసిన కార్బైడు వరసలు కట్టి, ఆ అలలు ఉక్కు కడుపులోంచే వచ్చేవి. ఇప్పుడు మీకు అమ్మేది అది కాదు. రెండు రకాల ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, అతికేలా కొట్టి, మడిచి, ఆమ్లంలో ముంచితే ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా తేలుతుంది. ఇదీ నైపుణ్యమే, చేయి తిరిగినవాళ్లు చేస్తే మంచి చాకే అవుతుంది. చవక సరుకులో ఆ రేకులు ఏ ఉక్కువో ఎవరూ చెప్పరు. ఇంకా చవక సరుకులో గీతలు పైపైన లేజరుతో గీసినవి. దీన్ని పట్టుకోవడం తేలిక. బ్లేడు వీపు చూడండి, పక్కన ఉన్న గీత వీపు మీదుగా దాటి అవతలి పక్కకు పోవాలి. వీపు నున్నగా ఉండి గీతలు రెండు పక్కలా ఆగిపోయాయంటే అది ముగ్గే.

రెండున్నర వేలు అందానికి పెట్టదలచుకుంటే మీ ఇష్టం. కోయడానికైతే అదే డబ్బుకు గీతలు లేని చాకు మేలైనది వస్తుంది. మన ఊళ్ల కమ్మరులు లారీ కమాను పట్టీతో కొట్టే కత్తులు ఇంతకన్నా నిజాయితీగా ఉంటాయి. కానీ వాళ్లలో మడత చాకు చేసేవాళ్లు నాకు ఇప్పటి వరకు కనపడలేదు, కీలు వాళ్ల పని కాదు.

*బస్సులో, రైల్లో జేబులో చాకు ఉంటే పోలీసులు పట్టుకుంటారా?*
*మహబూబాబాద్ నుంచి*

ఆయుధాల చట్టం కింద లైసెన్సు అడిగేది బ్లేడు తొమ్మిది అంగుళాల కన్నా పొడవో, రెండు అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తులకు. ఇంటి పనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవి అందులోనూ రావు. మూడు అంగుళాల మడత చాకు ఆ లెక్కకు చాలా దూరం. అయినా బొత్తాం నొక్కితే బ్లేడు ఎగిరి వచ్చే రకం జోలికి పోకండి, దానికి ఏ కారణం చెప్పినా వినేవాళ్లు ఉండరు. కోర్టుకు, సినిమా హాలుకు, ఎన్నికల సభకు పోయే రోజు ఇంట్లో పెట్టేయండి. విమానమైతే కౌంటరులో అప్పగించే పెట్టెలో వేయాలి, చేతి సంచిలో కాదు. శంషాబాద్‌లో నా చేతి సంచిలోంచి ఒకటి తీసి డబ్బాలో వేశారు. తప్పు నాదే, దానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

*మా అమ్మాయికి చెక్క బొమ్మలు చెక్కడం ఇష్టం, పదిహేనేళ్లు. జపాన్ చాకు ఒకటి కానుకగా ఇద్దామనుకుంటున్నాం.*
*జనగామ నుంచి ఒక తల్లి*

మీకు ఎవరో హిగోనోకామి చూపించి ఉంటారు. మడిచిన ఇత్తడి రేకే పిడి, వెనక తోకలాంటి మీట. మికి అనే ఊళ్లో చేస్తారు. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు పెన్సిలు చెక్కుకున్న చాకు. అంచు చాలా బాగుంటుంది, తాళం ఉండదు, బొటనవేలు మీట మీద నొక్కి ఉంచితేనే నిలుస్తుంది. చెక్క చెక్కేటప్పుడు ఆ వేలు జారుతుంది. కానుకగా ముచ్చటైనదే గానీ, చెక్కడానికి మడత లేని చిన్న కత్తి ఇవ్వండి. స్వీడన్‌లోని మోరా పేరుతో వచ్చేవి ఖరీదు తక్కువ, పిడి చేతినిండా ఉంటుంది. ఇచ్చేటప్పుడు నేరుగా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టి తీసుకోమనండి. కత్తి చేతికిస్తే పోట్లాట వస్తుందని మా అమ్మ అనేది. నేను నమ్మను, కానీ ఇప్పటికీ అలాగే ఇస్తాను.

*ఇంతకీ మీ జేబులో ఉన్నది ఏ దేశానిది?*
*ఈ ప్రశ్న తొమ్మిది మంది అడిగారు*

చాలా ఏళ్లు ఏ దేశానిదీ కాదు. షెడ్డులో మా మేస్త్రీ, ఇనుము కోసే రంపానిది, అరిగిపోయిన పవర్ హాక్సా బ్లేడును గ్రైండింగ్ చక్రం మీద అరగదీసి, రెండు ఫైబరు ముక్కలు రివిటు కొట్టి ఇచ్చాడు. మడవడానికి ఒక మేకు, అంతే. దాని పదును నేను కొన్న ఏ చాకుకూ రాలేదు. హాక్సా ఉక్కు బాగా గట్టిది, అందుకే పెళుసు కూడా. ఒకరోజు తొందరలో రంగు డబ్బా మూత దాంతో లేపాను. అంగుళం ముక్క విరిగి ఎగిరి నా చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. ఆ రోజు తాళం గురించి, కాల్పు గురించి పైన చెప్పిన ఉపన్యాసాలన్నీ నాకూ తెలుసు.

మిగిలిన ముక్క సొరుగులో ఉంది. జేబులో ఉన్నది ఫ్రాన్సుది, ఎనిమిదో నంబరు, కార్బన్ రకం. నల్లబడింది. ఈ ఉత్తరాల కవర్లన్నీ దాంతోనే కోశాను.